చెల్లెలి టెండరు

ఆ పొద్దున్న నా చేతిలో ఉన్నవి ఇవి: వీధిలో నలుగురూ పేరు చెప్పుకునే పరుపుల కొట్టు, ఇనిస్టిట్యూట్ హాస్టలుకు పరుపులు ఇస్తానని నేను వేసిన సీల్డు టెండరు, నా వైపు నిలబడ్డ భార్య, నాతో మాటలు మానేసిన చెల్లెలు. జేబులో కౌంటరు తాళాలగుత్తి కూడా ఉంది. నిన్నటిదాకా అది చెల్లెలి దగ్గర ఉండేది.

లాక్కున్నానని మా ఇంట్లో ఎవరూ అనలేదు. కొట్లో గిరాకీలు ఉండగానే చెయ్యి చాచాను. ఆమె తీసి ఇచ్చింది. గిరాకీలు దిండ్లు నొక్కడం ఆపి మా ఇద్దర్నీ చూశారు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఎక్కువగా ఉంది. మా ఆవిడకు కోపం వస్తే గిన్నెలు మాట్లాడతాయి. మా చెల్లెలికి కోపం వస్తే ఏదీ మాట్లాడదు.

"అడిగారా?" అంది మా ఆవిడ.

"ఏమని అడగను?"

"ఎవరి తరఫున టెండరు వేసిందో అడగండి. మన కొట్లో కూర్చుని, మన రేటు తెలుసుకుని, మన మీదే పోటీకి వెళ్ళిందంటే వెనక ఎవరో ఉండాలిగా?"

"మెల్లగా. వింటుంది."

"వినాలనే అంటున్నా. ఇంగ్లీషు క్లాసుకు వెళ్తానంటే వద్దన్నానా? మధ్యాహ్నం బేరాలుండవు, వెళ్ళనీ అని మీరే అన్నారు. ఇన్నాళ్ళూ దిండంటే దిండు. ఆ క్లాసుకు వెళ్ళినప్పటి నుంచీ దిండు నిట్టూరుస్తుందట, దుప్పటి అలుగుతుందట. అదేంటమ్మా అంటే పర్సనిఫికేషన్ వదినా అంటుంది. ఇప్పుడు తెలిసింది ఆ నిట్టూర్పులన్నీ ఎందుకో."

చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది. క్లాసు సంచి భుజాన ఉంది. నా వైపు చూడకుండా మా ఆవిడతోనే మాట్లాడింది.

"వదినా, మీ ఆయన్ని ఒక మాట అడిగి చెప్పు. ఇవాళ నేను క్లాసుకు వెళ్ళచ్చా, దానిక్కూడా తాళం ఉందా?"

"నన్ను మధ్యలోకి లాగకు. అన్నాచెల్లెళ్ళు మీరూ మీరూ తేల్చుకోండి."

"నేను తేల్చడానికేముంది? టెండరు వేశానన్నారు. వెయ్యలేదన్నాను. నమ్మలేదు."

"టీచరమ్మే స్వయంగా చెప్పింది," అన్నాను.

అప్పుడు నా వైపు తిరిగింది. "అవును, టీచరమ్మే చెప్పింది. అయితే ఆవిణ్ణే వచ్చి అడుగు అన్నయ్యా. ఇవాళ మధ్యాహ్నం క్లాసులో. అందరి ముందూ అడుగు. కొట్లో కూడా అందరి ముందే అడిగావుగా."

వెళ్ళిపోయింది. చెప్పులు వేసుకునేటప్పుడు ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. మా ఆవిడ మాత్రం, "నవ్వుతోందేంటి?" అంది.

నా అనుమానానికి ఆధారం గట్టిదే. నిన్న సాయంత్రం ఇంగ్లీషు టీచరమ్మ దిండు కొనడానికి కొట్టుకు వచ్చింది. ఇనిస్టిట్యూట్‌లో పాఠం చెప్పేదీ ఆవిడే, హాస్టలు కమిటీలో ఉన్నదీ ఆవిడే. చెల్లెలు అప్పుడు లోపల గోడౌనులో ఉంది. టీచరమ్మ దిండు చంకలో పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"మీ చెల్లెలు ఇచ్చింది చాలా టెండరండీ. పరుపుల మీదే. వచ్చినవాటన్నిటిలోకీ అదే బెస్టు. దాన్నే సెలెక్ట్ చేశాం," అంది.

పరుపులు. టెండరు. సెలెక్ట్. వ్యాపారం చేసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఆవిడ వీధి మలుపు తిరిగేలోగా నేను చెల్లెలిని గోడౌనులోంచి కౌంటరు దగ్గరికి పిలిచి, తాళాలకు చెయ్యి చాచాను.

చెల్లెలు నాకన్నా చిన్నది. పెళ్ళయి ఒకరి ఇంటికి వెళ్ళి, ఆ ఇల్లు తనది కాదని తేల్చుకుని, తిరిగి వచ్చేసింది. వచ్చిన మర్నాటి నుంచీ కౌంటరు ఆమెదే. గిరాకీ లోపలికి అడుగు పెట్టగానే, అతనికి నడుం నొప్పో, పెళ్ళయి కాపురం పెడుతున్నాడో, అత్తగారు వస్తున్నారో చెప్పేసేది. అలాంటి మనిషి కౌంటరులో ఉంటే ఆస్తి. ఎదుటి కొట్లో ఉంటే అదే ఆస్తి మన నెత్తిన పడుతుంది. నిన్న నేను ఆలోచించింది ఇంతే. ఇందులో తప్పు కనిపించలేదు.

మధ్యాహ్నం కౌంటరులో బావమరిదిని కూర్చోబెట్టి ఇనిస్టిట్యూట్‌కు వెళ్ళాను.

క్లాసంటే చిన్నపిల్లలు ఉంటారనుకున్నాను. లోపల ఒక బస్సు కండక్టరు, ఒక నర్సు, నాకన్నా వయసులో పెద్దదైన దర్జీ ఆవిడ, ఇంకా కొందరు. అందరూ పనుల మధ్యలో వచ్చినవాళ్ళే. కండక్టరు భుజానికి టిక్కెట్ల సంచి అలాగే ఉంది. బోర్డు మీద సిమిలీ, మెటాఫర్, హైపర్‌బోలీ అని రాసి పక్కన అర్థాలు రాశారు. చెల్లెలు ముందు వరుసలో కూర్చుంది. నన్ను చూసి పక్కనున్న నర్సుతో ఏదో అంది.

"రండి రండి," అంది టీచరమ్మ. "కథ మధ్యలో ఉన్నాం. వెనక కూర్చోండి, అయిపోతోంది."

కూర్చున్నాను. ఏదో పాతకాలం కథ. కొండల్లో ఒక చిన్న స్టేషను. అక్కడ ఒక ముసలావిడకు టీకొట్టు ఉంటుంది. ఒక రోజు నుంచి ఆ స్టేషనులో రైలు ఆగడం మానేస్తుంది. అయినా ఆవిడ రైలు వేళకు నీళ్ళు మరగబెడుతుంది, కప్పులు కడుగుతుంది. రైలు ఆగకుండా వెళ్ళిపోతుంది. ఆవిడ నీళ్ళు పారబోసి మళ్ళీ మర్నాడు మరగబెడుతుంది. కథ అంతే.

"ఎందుకు మరగబెడుతోంది?" అని అడిగింది టీచరమ్మ.

"ఆశ మేడమ్," అంది దర్జీ ఆవిడ.

"మతిమరుపు," అన్నాడు కండక్టరు. "టైంటేబుల్ మారిందని ఎవరూ చెప్పుండరు. మా డిపోలోనూ అంతే."

అందరూ నవ్వారు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"గిరాకీ రాదని తెలిశాక కొట్టు మూసెయ్యాలండీ," అన్నాను. "కట్టెలు దండగ, నీళ్ళు దండగ. బస్టాండు దగ్గరికి మార్చుకుంటే సరిపోయేది."

"ఆ కథ రాసినాయన మిమ్మల్ని అడిగి ఉంటే ఒక్క పేజీలో తేలిపోయేది," అంది టీచరమ్మ. ఆవిడ గొంతులో ఎగతాళి ఉందో లేదో తేల్చుకోలేకపోయాను. చెల్లెలి వైపు తిరిగింది. "మీ అన్నయ్యగారి మాటకు మీరేమంటారు?"

చెల్లెలు లేచి నిలబడింది. వెనక్కి తిరగలేదు.

"అందరూ ఆవిణ్ణి టీకొట్టావిడా అనే పిలుస్తారు మేడమ్. కథ మొత్తంలో వేరే పేరు లేదు. కొట్టు మూసేస్తే ఎవరైనా ఆవిణ్ణి ఏమని పిలవాలి?"

కండక్టరు టిక్కెట్ల సంచి సర్దుకున్నాడు. నాకు ఆ జవాబులో వ్యాపారం కనిపించలేదు.

"ఇప్పుడు చెప్పండి," అంది టీచరమ్మ నాతో. "ఏదో అడగాలన్నారట."

లేచాను. అందరూ వెనక్కి తిరిగారు, చెల్లెలు తప్ప.

"మా చెల్లెలు ఇక్కడ టెండరు ఎప్పుడు వేసిందండీ? ఎవరి పేరు మీద వేసింది?"

టీచరమ్మకు అర్థం కాలేదు. "టెండరా?"

"నిన్న మీరే అన్నారు కదా. ఆమె ఇచ్చింది టెండరని, పరుపుల మీదని, దాన్నే సెలెక్ట్ చేశామని."

ఆవిడ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. నర్సు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. టీచరమ్మ నన్ను చూసి, చెల్లెలిని చూసి, మెల్లగా బోర్డు వైపు తిరిగి పెద్ద అక్షరాల్లో టెండర్ అని రాసింది.

"పరుపుల మీద రాసిన కవిత అండీ. రోజూ కళ్ళ ముందు ఉండే వస్తువు మీద రాయమన్నాను. మీ చెల్లెలు రాసింది చాలా టెండర్‌గా ఉందన్నాను. టెండర్ అంటే మెత్తన. సుకుమారం. చదివితే మనసు మెత్తబడేది. మా ఇనిస్టిట్యూట్ పత్రికలో వేద్దామని దాన్ని సెలెక్ట్ చేశాం."

"మా బస్సులో సీట్లు కూడా టెండరే సార్," అన్నాడు కండక్టరు. "ముట్టుకుంటే ఊడి చేతికొస్తాయి."

క్లాసంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. అలాంటప్పుడు నవ్వడమే చవక.

"మా ఆసుపత్రిలో ఇంకో అర్థం ఉంది," అంది నర్సు నవ్వు తగ్గాక. "నొక్కితే నొప్పి పుట్టే చోటును టెండర్ అంటాం. పైకి ఏమీ కనబడదు. నొక్కితేనే తెలుస్తుంది."

"అదీ సరైనదే," అంది టీచరమ్మ. బోర్డు మీద ఆ అర్థం కూడా రాసింది. తర్వాత చెల్లెలితో, "మీ అన్నయ్యగారు ఇంత దూరం వచ్చారు, చదివి వినిపించండి," అంది.

"ఆయనకు ఇంగ్లీషు రాదు మేడమ్."

"తెలుగులో చెప్పండి."

చెల్లెలు కాగితం తియ్యలేదు. నోటికే చెప్పింది. రేటు చెప్పేటప్పటి గొంతే.

"మా కొట్లో గుమ్మం పక్కన ఒక పరుపు ఉంటుంది. అది అమ్మకానికి కాదు. వచ్చినవాళ్ళంతా దాని మీద కూర్చుంటారు. అరచేత్తో నొక్కి చూస్తారు. బాగుందంటారు. లోపలి నుంచి ఇంకోటి తెప్పించుకుని వెళ్ళిపోతారు. సాయంత్రం నేను దాని ముడతలు సరిచేస్తాను. అది నా ముడతలు చూసి ఊరుకుంటుంది."

కూర్చుంది.

శాంపిల్ పరుపుకు గలీబు మార్చి చాలా రోజులైందని నాకు గుర్తొచ్చింది. మొదట వచ్చిన ఆలోచన అదే. రెండోది వచ్చేసరికి క్లాసు అయిపోయి అందరూ లేస్తున్నారు. దర్జీ ఆవిడ నా పక్క నుంచి వెళ్తూ, "మీరు అదృష్టవంతులండీ," అంది. ఎందుకో చెప్పలేదు.

వరండాలో చెల్లెలిని ఆపాను. తాళాలగుత్తి తీసి పట్టుకున్నాను.

"పద. కొట్లో మీ వదిన తమ్ముడున్నాడు. ఈపాటికి సగం సరుకు అప్పిచ్చేసి ఉంటాడు."

ఆమె గుత్తిని చూసింది. చెయ్యి చాచలేదు.

"మాట తేడా వచ్చింది. అంతేగా," అన్నాను. "ఇంగ్లీషు వాళ్ళు ఒకే మాటకు ఇన్ని అర్థాలు పెట్టుకుంటే నాదా తప్పు?"

"నీది కాదు."

"మరి?"

"మాటది తప్పు కాదు, నీది కాదు, టీచరమ్మది కాదు. అందరిదీ సరిపోయింది. నేను గోడౌనులో గలీబులు మడత పెడుతుంటే నువ్వు బయటికి పిలిచి తాళాలు అడిగావు. అది ఎవరి ఖాతాలో వెయ్యాలి?"

"వెయ్యలేదని గట్టిగా చెప్పి ఉంటే..."

"చెప్పాను."

"టెండర్ అంటే మెత్తన అని చెప్పి ఉండాల్సింది! నీకు తెలుసుగా?"

"నువ్వు అరుస్తున్నప్పుడే తెలిసింది. నవ్వొచ్చింది కూడా. చెప్పబోయాను." గోడకు ఆనుకుంది. "మాటకు అర్థం చెబితే నువ్వు నా మాట నమ్మేవాడివి కాదన్నయ్యా, మాట అర్థాన్ని నమ్మేవాడివి. రేపు ఇంకో మాట వస్తుంది. రోజూ డిక్షనరీ పట్టుకుని కౌంటరులో కూర్చోలేను."

"ఒక్కరోజు జరిగినదానికి ఇంతా?"

"ఒక్కరోజు కాదు. ఒక్క నిమిషం. ఆ టీచరమ్మ వీధి మలుపు కూడా తిరగలేదు. ఇన్నేళ్ళ మనిషిని తీసి పక్కన పెట్టడానికి నీకు అంతే పట్టింది. సరుకు బాగాలేదని గిరాకీ వెనక్కి తెస్తే కూడా నువ్వు కుట్టు విప్పి చూస్తావు. నన్ను విప్పి కూడా చూడలేదు."

బేరంలో ఎదుటివాళ్ళది పైచెయ్యి అయినప్పుడు నేను తగ్గిస్తాను.

"సరే, నాదే పొరపాటు. ఇంటికి పద. మీ వదినతో నేనే చెప్తాను. కౌంటరు నీదే. ఇంకెవరూ కూర్చోరు."

"కూర్చోబెట్టుకో. నాకు వేరే చోటుంది."

అప్పుడే టీచరమ్మ స్టాఫ్ రూములోంచి వచ్చింది. చేతిలో ఒక కవరు.

"మీకు నిజం టెండరు కబురు కూడా చెప్పాలి," అంది నాతో. "పొద్దున్నే కవర్లు విప్పాం. పరుపులు మీరే ఇవ్వాలి. మీ శాంపిల్ అందరికీ నచ్చింది." తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. "మీరు అన్నయ్యగారితో చెప్పారా?"

"ఇప్పుడే చెప్పబోతున్నా మేడమ్."

"ఏంటది?" అన్నాను.

"హాస్టలు వార్డెనుగా రమ్మని ఎప్పుడో అడిగాం. కొట్టు వదిలి రాలేనని చెప్పేశారు. ఇవాళ పొద్దున వచ్చి, వస్తానన్నారు. ఉండటానికి గది ఇస్తాం. మీకు ఇబ్బంది లేదుగా?"

ఇబ్బంది ఉందని ఆవిడ ముందు ఎలా చెప్పను? ఆర్డరు కవరు ఆవిడ చేతిలోనే ఉంది.

"మంచిదే," అన్నాను. "చదువుకున్నదానికి తగ్గట్టుంది."

"ఇంకొకటి. మీ చెల్లెలని తెలిసే చెప్తున్నా, వచ్చిన సరుకు చూసి సంతకం పెట్టాల్సింది వార్డెనే. వేరేవాళ్ళను పెడదామంటే కమిటీలో పెద్దాయన ఒప్పుకోలేదు. పరుపు లోపల ఏముందో ఆవిడకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుందన్నారు."

కవరు నా చేతిలో పెట్టి ఆవిడ వెళ్ళిపోయింది.

పరుపు లోపల ఏముంటుందో ఆమెకు తెలిసిన మాట నిజమే. శాంపిల్‌లో కొత్త దూది పెడతాం. పెద్ద ఆర్డరు వస్తే పాత పరుపులు విప్పి, ఆ దూది ఏకించి, కొత్తదానిలో కలుపుతాం. మా వీధిలో అన్ని కొట్లలోనూ అంతే. నా రేటు అంత తక్కువ ఉండటానికి కారణం కూడా అదే. ఆ రేటు వేసేటప్పుడు చెల్లెలు నా పక్కనే కూర్చుని ఉంది.

"మనవాళ్ళేగా," అన్నాను మెల్లగా. "నువ్వు చూసుకుంటావుగా."

"చూస్తాను."

"నే చెప్పేది అది కాదు."

"తెలుసు." క్లాసు సంచి భుజం మార్చుకుంది. "శాంపిల్‌లో ఉన్నదే లోపలా ఉండాలన్నయ్యా. వంద పరుపులైనా సరే, దబ్బనం పట్టుకుని కుట్టు విప్పుతాను."

"హైపర్‌బోలీ," అన్నాను. బోర్డు మీద చూసిన మాట, పక్కన అతిశయోక్తి అని రాసి ఉంది. నవ్విద్దామని అన్నాను.

"కాదు," అంది. నవ్వలేదు.

"అన్నను దివాలా తీయిస్తావా?"

"పాత దూది మీద పడుకుంటే పొద్దున్నే ఒళ్ళంతా దురద. అక్కడ పడుకునే ఆడపిల్లలు వచ్చి చెప్పుకునేది నాకే. వాళ్ళకేం చెప్పను? మా అన్నయ్య మంచివాడు, మాట తేడా వచ్చిందని చెప్పనా?"

మెట్లు దిగి హాస్టలు వైపు వెళ్ళింది. గది చూసుకోవడానికట. బట్టలకు ఎప్పుడొస్తావని అడిగాను. చూస్తానంది. ఇంటికి ఎప్పుడొస్తావని అడగలేదు. రెండు ప్రశ్నలూ ఒకటి కావని అప్పటికి నాకు అర్థమైంది.

కొట్టుకు వచ్చేసరికి మా ఆవిడ కౌంటరు దగ్గర నిలబడి తమ్ముడిని తిడుతోంది. ఎవరో ముసలాయనకు గట్టి పరుపు కావాలంటే మెత్తది అంటగట్టి పంపాడట. ఆయన రిక్షాలో దాన్ని వెనక్కి తెచ్చి, "ఆ అమ్మాయి లేదా?" అని అడిగి, కూర్చుని ఉన్నాడు.

"ఏం తేలింది?" అంది మా ఆవిడ.

"టెండరు వెయ్యలేదు. కవిత రాసింది."

"కవితా? పరుపుల మీదా?" నోరు తెరిచింది. "మరి ఆ మాట నిన్ననే చెప్పచ్చుగా?" అని, కాసేపాగి, "మనం చెప్పనిచ్చామా?" అంది. అది నన్ను అడిగిందో తనను తాను ప్రశ్నించుకుందో తెలియలేదు. "అమ్మాయేది?"

"హాస్టల్లో ఉంటుందట. వార్డెను ఉద్యోగం."

"ఉండనిచ్చి వచ్చారా?"

"ఆర్డరు మనకే వచ్చింది," అన్నాను.

మా ఆవిడ లోపలికి వెళ్ళింది. ఆ సాయంత్రం గిన్నెల చప్పుడు వినిపించలేదు. అది కొత్త.

ముసలాయనకు గట్టి పరుపు నేనే చూపించాను. నడుం నొప్పా అని అడిగితే కాదన్నాడు. ఎవరికని అడిగితే, "ఆ అమ్మాయికి తెలుసు," అన్నాడు. రేపు వస్తానని వెళ్ళిపోయాడు.

తర్వాత దూది వ్యాపారికి ఫోను చేశాను. హాస్టలు ఆర్డరుకు మొత్తం కొత్త దూదే పంపమన్నాను.

"మొత్తం కొత్తదా? ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

"సరుకు మా చెల్లెలు చూస్తుంది."

"ఇన్నాళ్ళూ చూడలేదా?" అన్నాడు.

ఫోను పెట్టేశాను.

ఆ రోజుకు నాకు వచ్చింది లెక్క వేస్తే ఇంత: అడిగిన ఆర్డరు అడిగిన రేటుకే వచ్చింది, ఆ రేటుకు కొత్త దూది గిట్టదు. చెల్లెలు నన్ను మోసం చెయ్యలేదని నలుగురి ముందు రుజువైంది, ఆ రుజువు అక్కర్లేని మనిషిని పోగొట్టుకున్నాక. ఒక ఇంగ్లీషు మాటకు నాకు తెలియని అర్థాలు రెండు తెలిశాయి. మొదటి విడత సరుకు దింపే రోజున ఆమె నా ఎదుట నిలబడుతుంది, దబ్బనం పట్టుకుని. అప్పటిదాకా ఆమె ఇంటికి వచ్చే దారి నాకు ఇంకేదీ కనబడలేదు.